వంకర కర్ర, ఒకటి

జప్తు జాబితాలో పదిహేడో వరుస ఇలా ఉంటుంది: "వంకర కర్ర, ఒకటి. వెదురు బద్దతో సహా." పక్కన బొటనవేలి ముద్ర, దాని కింద తేదీ, ఆ రెంటి మీదుగా అటవీ ఆఫీసువారి గుండ్రటి ముద్ర. జిత్రాయ్ బెస్రా ఇరవై రెండేళ్ళ పాటు తన చేతికీ కంటికీ సరిపెట్టుకుంటూ వచ్చిన వేట విల్లును ఆ కాగితం అయిదారు మాటల్లో ముగించింది. రాసినవాడికి అది విల్లని తెలియక కాదు. పద్నాలుగో వరుసలో "విల్లు" అని రాసి కొట్టివేసిన గీత ఇప్పటికీ కనిపిస్తుంది. విల్లు అని రాస్తే అది ఎవరి చేతిదో, ఏ తాతల నాటి నుంచి ఆ చేతుల్లో ఉంటున్నదో ఎవరైనా అడగవచ్చు. కర్ర అని రాస్తే అడిగేవాడు ఉండడు.

జిత్రాయ్ ఆ కాగితాన్ని వెదురు గొట్టంలో పెట్టి, మూతికి గుడ్డ బిగించి, ఇంటి చూరులో దోపుకున్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ గొట్టంలోకి మరో పదకొండు కాగితాలు చేరాయి. పదకొండూ అతను బస్టాండు దగ్గరి రాతగాడి చేత రాయించి పెట్టుకున్న అర్జీల నకళ్ళు. వాటిలో ఒక్కదానికీ జవాబు రాలేదు.

సంతాల్ ఊళ్ళలో విల్లు చేయడం రాని మగవాడు అరుదు. ముదిరిన గట్టి వెదురును చలికాలంలో కొట్టి, నిలువునా చీల్చి, పొయ్యి మీది అటక పైన ఏడాది పాటు పొగ పట్టిస్తే సగం పని అయినట్టే. తక్కిన సగం కోసం కొండ చుట్టూ ఏడు ఊళ్ళవాళ్ళు కుసుమ్‌టోలా వచ్చి జిత్రాయ్ గుమ్మం ముందు గొంతుక్కూర్చునేవారు.

"అన్నా, నా బాణం పక్కకి పోతోంది. కాస్త విల్లు చూసిపెట్టు."

"విల్లు సంగతి తరవాత. ముందు నువ్వు లేచి నిలబడి లాగు," అనేవాడు జిత్రాయ్. లాగుతున్నవాడిని వెనక నుంచీ పక్క నుంచీ చూసేవాడు. "లాగేటప్పుడు నీ భుజం చెవిని ముద్దు పెట్టుకుంటోంది. ఇప్పుడు నన్నేం గీకమంటావు, విల్లునా, భుజాన్నా?"

నవ్వులయ్యాక పని మొదలయ్యేది. నారి ఎక్కించిన విల్లు పట్టుదగ్గర పిడికిలి పెట్టి బొటనవేలు నిలబెడితే దాని కొన నారిని తాకి తాకనట్టుండాలి. పై కొమ్మా కింది కొమ్మా ఒక్క తీరున వంగాలి. బిరుసుగా ఉన్న కొమ్మను లోపలివైపు ఆల్చిప్ప అంచుతో గీకాలి. రెండు గీతలు గీకి, ఇరవై సార్లు లాగి, మళ్ళీ చూడాలి. ఆ పైన ఈకలు కట్టని బాణాన్ని పది అడుగుల దూరం నుంచి గడ్డిమోపులోకి వేయించేవాడు. ఈక ఉన్న బాణం తప్పును దారిలోనే సర్దుకుంటుంది. ఈక లేనిది దాచుకోలేదు. తోక పైకెత్తి దిగితే నారి మీద బాణం ఆనే గుర్తును కిందికి జరపాలి. తోక పక్కకు తిరిగితే బాణపు రెల్లు ఆ విల్లు బలానికి తగలేదన్నమాట. ఒక్కొక్క విల్లుకు అతనికి మూడు రోజులు పట్టేది, ఒక్కోసారి పదిహేను. తొందరపెట్టినవాడికి విల్లు చేతిలో పెట్టి పంపేసేవాడు.

అతని సొంత విల్లు పెళ్ళయిన ఏడాది కొట్టిన వెదురుది. నారి మీది గుర్తుకు పాన్‌మునీ పెళ్ళి చీర అంచులోంచి లాగిన ఎర్రదారం చుట్టి, పైన లక్క పూశాడు. ప్రతి వేసవిలోనూ దాన్ని కొద్దికొద్దిగా సరిదిద్దుతూ వచ్చాడు. వయసు మీద పడి భుజం సడలిన కొద్దీ విల్లునూ రవ్వంత సడలించాడు. ఇద్దరూ కలిసే ముసలివాళ్ళవుతున్నారని ఊళ్ళో వేళాకోళం చేసేవారు.

వైశాఖ పున్నమికి కొండ మీద సేంద్రా జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళ మగవాళ్ళంతా కలిసి ఆడే వేట అది. అడవికి వెళ్ళినవాడు తిరిగి వస్తాడో రాడో తెలియదు గనక, ఆ ఉదయం భార్య చేతి ఇనుప గాజు తీసి పక్కన పెడుతుంది. వచ్చినవాడి విల్లును రెండు అరచేతుల మీద అందుకొని, ఇత్తడి చెంబు నీళ్ళతో అతని కాళ్ళు కడిగి, అప్పుడు మళ్ళీ వేసుకుంటుంది. ఆడవాళ్ళు విల్లు ఎక్కుపెట్టకూడదు. వచ్చిన విల్లును అందుకోవడం మాత్రం వాళ్ళ హక్కు.

జప్తు జరిగిన ఆ ఏడు కొండ దిగుతున్నవాళ్ళను అటవీశాఖ గార్డులు కొండ కింద ఆపి నలభై ఒక్క విళ్ళు లాక్కున్నారు. ఆ పూటే, ఆ దారినే, ఆ గార్డులే చెయ్యి ఊపి పంపగా, సాలు చెట్ల దుంగలతో రెండు లారీలు కిందికి దిగిపోయాయి. వాటి వివరం ఏ జాబితాలోనూ లేదు.

ఇంటి ముందు పాన్‌మునీ చెంబుతో నిలబడి ఉంది.

"విల్లేదీ?"

"తీసేసుకున్నారు. ఇదిగో, కాగితం ఇచ్చారు."

ఆమె కాగితం వంక చూసింది, అతని చేతుల వంక చూసింది. "విల్లుతో పోయినవాడు విల్లుతో రావాలి. కాగితానికి నేను కాళ్ళు కడగను, మైనో నాయనా," అని చెంబులో నీళ్ళు సొరపాదు మొదట్లో పోసేసి లోపలికి వెళ్ళింది.

కూతురు మైనో పేరు పెట్టి తప్ప ఆమె భర్తను పిలవదు. ఆ రాత్రి అన్నమూ పెట్టింది, దోమలకు పొగా వేసింది. తెల్లారితే మెత్తబడుతుందని అతను అనుకున్నాడు. తక్కిన నలభై ఇళ్ళలో ఆ సాయంత్రమే గాజులు చేతికి ఎక్కాయి. పాన్‌మునీ గాజు మాత్రం గోడ గూట్లోనే ఉండిపోయింది. పదో రోజున ఊరి పెద్ద మాంఝీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మనిషి ఎదురుగా ఉన్నాడు, మూడు పూటలా తింటున్నాడు. ఇంకా వేటలోనే ఉన్నాడంటావేంటమ్మా?"

"తింటున్నది కడుపు, మాంఝీ బాబా. చేతులు ఇంకా కొండ మీదే ఉన్నాయి. ఈ పది రోజుల్లో తనకంటూ ఒక్క విల్లు పట్టాడేమో అడుగు."

మాంఝీ అడగకుండానే అరుగు దిగాడు. ఆమె అన్నది నిజమే. ఎదుటివాళ్ళ విళ్ళు అతను సరిచేస్తూనే ఉన్నాడు. తనకోసం మరొకటి చేసుకోవడానికి మటుకు వెదురు పొద దాకా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. వాళ్ళ కాపురానికి లోటేమీ రాలేదు. కూతురి పెళ్ళి చేశారు, పంటలు కోశారు, పోట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. పొలం నుంచి వచ్చినప్పుడల్లా జిత్రాయ్ తన కాళ్ళు తనే కడుక్కునేవాడు. ఆమె ధాన్యం దంచేటప్పుడు ఇనుప గాజు రోటి అంచుకు తగిలి చేసే చిన్న చప్పుడు ఒకటి ఉండేది. పెళ్ళయిన నాటి నుంచి అది అతని తెల్లవారుజాము. ఇప్పుడు రోకలి చప్పుడు ఒక్కటే వినిపించేది. దానికి జతగా రావలసిన రెండో చప్పుడు కోసం అతని చెవి ఎదురుచూసేది, ఆమెకు తెలియకుండా, ఒక్కోసారి తనకే తెలియకుండా.

పదో ఏడు మాఘంలో కబురు వచ్చింది. ఏదో తీర్పు వచ్చిందట, పట్టుకున్న వస్తువులు ఎవరివి వాళ్ళకు ఇచ్చేస్తున్నారట. జిత్రాయ్ గొట్టంలోంచి కాగితం తీసుకొని మొదటి బస్సు ఎక్కాడు. ఆఫీసు వసారాలో గుమాస్తా మండల్‌బాబు ముందు విళ్ళు కట్టెలమోపులా పడి ఉన్నాయి. ఒక్కొక్కదానికి దారంతో ఒక అట్టముక్క.

"నంబరు?"

"పదిహేడు, బాబూ."

"ఇదిగో పదిహేడు. ఇక్కడ వేలుముద్ర వెయ్యి. నా వస్తువు నాకు ముట్టింది, ఇకమీదట ఏ హక్కూ కోరను, అని రాసుంది."

జిత్రాయ్ వేలుముద్ర వేసి విల్లు అందుకున్నాడు. "నారి ఎక్కించే ఉంచారా బాబూ, ఇన్నేళ్ళూ?"

"ఎలా పట్టుకొచ్చారో అలాగే ఉంచాం. సర్కారు జాగ్రత్తంటే మాటలా?"

నారి దించకుండా తొమ్మిదేళ్ళు ఉంచిన విల్లు, తొమ్మిదేళ్ళు కూర్చోనివ్వకుండా నిలబెట్టిన మనిషితో సమానం. వెదురు ఆ వంపుకే అలవాటు పడి, తిరిగి సాగే బలాన్ని మరిచిపోతుంది. బస్సులో ఉన్నంతసేపూ జిత్రాయ్ ఆ బాధతోనే ఉన్నాడు. వాగు దగ్గర దిగి, కుసుమ చెట్టు కింద కూర్చుని, మెల్లగా నారి దించి, పట్టు మీది దుమ్ము తుడిచాడు. తుడుస్తున్న వేలు ఆగిపోయింది.

వేలవేల బాణాలు ఒరుసుకొని పోయి పట్టు పక్కన నున్నటి గాడి ఒకటి పడుతుంది. అతని విల్లుకు అది ఎడమ పక్కన ఉండాలి. దీనికి కుడి పక్కన ఉంది. నారి మీది గుర్తుకు నల్లదారం చుట్టి ఉంది. వెల్లవేసినప్పుడో, చెదలు పట్టినప్పుడో రాలిపోయిన అట్టముక్కలను ఎవడో తోచినట్టు మళ్ళీ కట్టాడు. ఇది ఎడమచేత్తో లాగేవాడి విల్లు. ఏడు ఊళ్ళలో ఎడమచేత్తో లాగే వేటగాడు ఒక్కడే: డుంగ్రీడీ ఊరి ఫాగూ హేంబ్రం. అతను పోయి ఏడేళ్ళయింది.

తన వస్తువు తనకు ముట్టినట్టు, ఇక ఏ హక్కూ కోరనట్టు వేలుముద్ర వేసి గంటన్నర కాలేదు. ఆ సిరా మరక ఇంకా అతని బొటనవేలి మీదే ఉంది.

అతను ఇంటికి వెళ్ళలేదు. ఊరి చివర గురువా టూడూ పశువుల కొట్టానికి వెళ్ళాడు. గురువా అతని ఈడువాడే, విళ్ళు పోయిన నలభై ఒక్కమందిలో ఒకడు. విల్లును అటూ ఇటూ తిప్పి చూసి గడ్డం గోక్కున్నాడు.

"పాన్‌మునీ వదినకి ఈ గాడి సంగతి తెలుసా?"

"విల్లు అందుకోవడమే గానీ ఎక్కుపెట్టిందెప్పుడు? తెలీదు."

"మరింకేం. నల్లదారం తీసి ఎర్రదారం చుట్టు. గాడి మీద తోలు తొడుగు వెయ్యి. వేడి చూపించి కొమ్మల్ని నీ వైపుకి తిప్పుకో. ఫాగూకి ఇప్పుడు విల్లుతో పనేంటి? నీ పెళ్ళానికుంది పని."

"అది అబద్ధం కదరా."

"కాగితంలో వంకర కర్ర అని రాశారు. నువ్వు ఇంటికి తీసుకెళ్ళేది వంకర కర్రే. ఎక్కడుందిరా అబద్ధం?"

జిత్రాయ్ విల్లును కొట్టంలో దూలం మీద పెట్టి ఇంటికి వెళ్ళాడు.

"ఇచ్చారా?" అంది పాన్‌మునీ. ఆమె చెంబు తోమి పెట్టుకుని ఉండడం అతను చూశాడు.

"ఇచ్చారు. పాడుచేశారు. గురువా కొట్టంలో పెట్టా. ఎలా వెళ్ళిందో అలా చేశాకే ఇంటికి తెస్తా."

అతని మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువగా చూసి, "అలాగే కానీ. తొమ్మిదేళ్ళు ఆగినదాన్ని," అంది.

ఆ మర్నాటి నుంచి అతను రోజూ కొట్టంలోనే ఉండేవాడు. ముందు విల్లును వంపుకు ఎదురుగా చదునురాతి మీద బోర్లించి, కొసల మీద రాళ్ళు బరువు పెట్టి, ఎండలో ఇప్పగింజల నూనె పట్టించాడు. పన్నెండు రోజులకు వెదురులో కదలిక వచ్చింది. నేలకు ఆనించి ఉంచినందువల్ల కింది కొమ్మకు చెమ్మ పట్టి అది మెత్తబడి ఉంది. దానికి సరితూగేలా పై కొమ్మను ఆల్చిప్పతో గీకాడు. కొత్త వెదురు చర్మం చీల్చి నారి చేశాడు. రెండు కొమ్మలూ ఒక్క ఊపిరిగా వంగడం మొదలుపెట్టేసరికి ఫాల్గుణం వచ్చింది, సాలు చెట్లు పూత మీదికి వచ్చాయి.

అప్పుడు బాణం వేసి చూశాడు. బెత్తెడు ఎడమకు పోయింది. ఇంకొకటి వేశాడు, అదీ బెత్తెడు ఎడమకే. గుర్తు జరిపాడు, రెల్లు మార్చాడు, బరువు ములికి వేశాడు. ఒక్క వేలెడైనా తగ్గలేదు. విల్లును కంటికి ఎదురుగా పట్టుకుని చూస్తే కారణం తెలిసింది. నారి నడిమికి రాకుండా నువ్వుగింజంత కుడివైపుకు ఒరిగి ఉంది. అది లోపం కాదు, ఎవరో కావాలని చేసినది. తన ఎడమచేతి బాణం నారికి సూటిగా రావాలని ఫాగూ ఎన్నో వేసవులు ఓపిక పట్టి ఆ కొమ్మలను అలా తిప్పుకున్నాడు. ఏడు ఊళ్ళవాళ్ళూ జిత్రాయ్ దగ్గరికి వస్తుంటే డుంగ్రీడీ ఫాగూ ఒక్కడూ ఎన్నడూ రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది. రావలసిన అవసరం అతనికి లేదు.

జిత్రాయ్ నిప్పులు రాజేశాడు. కొమ్మలకు నూనె రాసి, నిప్పుల మీద ఆడించి, వేడి లోపలికి పాకాక తడిగుడ్డతో పట్టి ఒక్క మెలి తిప్పితే నారి తన వైపుకు వచ్చేస్తుంది. ఆ తరవాత అది ఫాగూది అని ఫాగూ లేచి వచ్చినా చెప్పలేడు. గురువా పక్కనే కూర్చుని హండియా అనే బియ్యపు కల్లును కుండలోంచి ఆకు దొప్పలోకి వంపుకుంటున్నాడు.

"తిప్పెయ్. నిప్పు సరిగ్గా ఉంది."

జిత్రాయ్ విల్లును నిప్పుల పైకి తెచ్చాడు. నూనె వాసన లేచింది. అంత పొందికగా తిప్పిన కొమ్మ అతని జీవితంలో మరొకటి తగల్లేదు. ఒక మనిషి చెయ్యి ఈ లోకంలో మిగిల్చి వెళ్ళినది ఆ నువ్వుగింజంత ఒరుగుడు. ఆ చేతికి నిప్పు పెట్టడం ఒకసారి అయిపోయింది. విల్లును పక్కకు తీశాడు.

"ఏమైంది?"

"నిప్పు ఎక్కువైంది."

"ఇప్పుడేగా సరిగ్గా ఉందన్నా."

"నువ్వు తాగింది ఎక్కువైంది. లే, ఇంటికెళ్ళు."

మరునాడు విల్లును కుడిచేతిలోకి మార్చుకుని ఎడమచేత్తో లాగాడు. మొదటి బాణం కొట్టం కప్పులో దిగింది. రెండోది గేదె మీద నుంచి పోయింది.

"గడ్డిమోపుని కొడితే చాలు, నా గేదెని వదిలెయ్ దాదా," అన్నాడు గురువా. "అరవై ఏళ్ళొచ్చాక నీకీ ఎడమ వాటం ఏం పిచ్చి?"

"విల్లుకి కుడి వాటం లేదు కాబట్టి."

ఇది ఎవరికోసం చేస్తున్నాడో అతను తనలో తాను కూడా అనుకోలేదు. సరిచేయడం మొదలుపెట్టిన విల్లును సగంలో వదిలిన అలవాటు అతనికి లేదు, అంతే. ఎడమ భుజానికి విల్లును నేర్పాడు, ఎడమ కంటికి గురిని నేర్పాడు. సంతాల్‌లు బొటనవేలు తగలనివ్వకుండా రెండు వేళ్ళతోనే నారి లాగుతారు. ఆ రెండు వేళ్ళూ బొబ్బలెక్కి, పగిలి, మళ్ళీ బొబ్బలెక్కాయి. చైత్రం సగమయ్యేసరికి ఈక లేని బాణం ముప్పై అడుగుల నుంచి తోక ఎటూ తిప్పకుండా గడ్డిమోపులో దిగింది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర పాన్‌మునీ అతని చెయ్యి పట్టుకుంది. ఆకులోకి పప్పు వంపుతూ, ఏమీ పట్టనట్టు, ఎడమ అరచేతిని వెలుతురులోకి తిప్పింది.

"నువ్వు నారి లాగేది కుడిచేత్తో కదా, మైనో నాయనా."

అతను చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"ముప్పై ఏళ్ళు ఆ వేళ్ళకి నూనె రాసింది నేనే. ఏ వేలు ఎక్కడ కాయకట్టిందో నీకన్నా నాకే తెలుసు. ఈ బొబ్బలు ఈ చేతికెందుకొచ్చాయి?"

అతను చెప్పాడు. ఆఫీసులో మారిన అట్టముక్క, వేసిన వేలుముద్ర, నిప్పుల దగ్గర ఆగిన చెయ్యి, అన్నీ చెప్పాడు. ఎర్రదారం చుట్టి ఆమె ముందుకు తెద్దామనుకున్న సంగతి కూడా దాచలేదు. ఆమె వింటూ ఆకులో మెతుకులు కెలుకుతూ కూర్చుంది.

"తెచ్చి ఉంటే అందుకునేదాన్నేమో," అంది చివరికి. "అందుకుని, కాళ్ళు కడిగి, గాజు వేసుకునేదాన్ని. ఎర్రదారం నేనే ఇచ్చానుగా, చూసి మురిసిపోయేదాన్ని." ఆకు మడిచి పక్కన పెట్టింది. "ఫాగూ పెళ్ళాం ఉందా?"

"సోమీ. ఉంది."

"ఉంటే ఆ విల్లు గురువా కొట్టంలో ఎందుకుంది?"

రెండో రోజు ఉదయం జిత్రాయ్ విల్లు భుజాన వేసుకుని డుంగ్రీడీ బయలుదేరాడు. మూడు గుట్టలు దాటాలి. సోమీ ఇంటి ముందు ఇప్పపూలు ఎండబోస్తోంది. ఎండిన మనిషి, చూపు మాత్రం చురుకు. గుమ్మంలో ఆగిన మనిషి భుజాన ఉన్న విల్లును చూసి పూలు వదిలేసి లేచింది. ఎవరు నువ్వని అడగలేదు. లోపలికి వెళ్ళి చెంబు తెచ్చి అతని కాళ్ళు కడిగింది, ఆ తరవాత రెండు అరచేతులూ చాపింది. విల్లును అందుకుని, కుడి పక్క గాడి మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది.

"నేను కుసుమ్‌టోలా జిత్రాయ్‌ని, చెల్లీ. వాళ్ళ పొరపాటున నా నంబరు మీద ఇది వచ్చింది."

"విల్లులు బాగుచేసే జిత్రాయా? మా ఆయన నీ పేరు చెప్తే మూతి తిప్పేవాడు. అతగాడు కుడిచేతివాడు, నా విల్లు వాడికేం తెలుస్తుంది అనేవాడు."

"సరిగ్గానే అన్నాడు. ఈ రెండు నెలల్లోనే కొంచెం తెలిసింది."

ఆమె విల్లును చూస్తూ మాట్లాడింది. "ఆ రోజు ఉత్త చేతులతో వచ్చాడు. నేను ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే గాజు వేసుకున్నా. రెండేళ్ళకి తీసేశా. కట్టెల మీద పక్కన విల్లు పెట్టాలి కదా, ఆముదం కొమ్మ ఒకటి విరిచి పెట్టారు. ఆముదం కొమ్మతో పోయాడన్నా, అంత వేటగాడు."

చూరులోంచి ఆమె మూడు బాణాలు తీసింది. నెమలి ఈకలు వాడిపోయాయి, ములుకులకు తుప్పు పట్టింది, రెల్లు మాత్రం నిటారుగా ఉంది. ఫాగూ తన విల్లు కోసం సరిచూసి చేసుకున్నవి. విల్లుతో పాటు కొండకు తీసుకుపోకుండా ఇంట్లో మిగిల్చినవి.

"ఒకటి వెయ్యి. నేను ఎక్కుపెట్టకూడదు. నాకు కొడుకుల్లేరు. ఆయన వెయ్యలేడు."

కొట్టంలో అతను వేసినవన్నీ తన బాణాలే, విల్లుకు తగినట్టు తను ఎంచుకున్నవే. ఈ బాణాలు అతనివి కావు. విల్లు పూర్వం ఏ బలంతో ఉండేదో, ఎటు ఒరిగి ఉండేదో ఆ రెల్లుకు తెలుసు. విల్లులో వెంట్రుకవాసి తేడా ఉన్నా అది పక్కకు పోయి చెబుతుంది. తొమ్మిదేళ్ళు ఆఫీసు గోడకు నిలబెట్టి చంపినదాన్ని తను బతికించాడా, లేక తనకు తోచిన వేరే విల్లును చేసి తెచ్చాడా, దానికి ఇది ఒక్కటే సాక్ష్యం.

వాగు ఒడ్డున ఫాగూను కాల్చిన చోటికి నడిచారు. దానికి అవతల నలభై అడుగుల్లో చెదల పుట్ట ఉంది. జిత్రాయ్ నారి ఎక్కించి, పిడికిలి పెట్టి బొటనవేలితో కొలిచి చూసుకుని, విల్లును కుడిచేత పట్టి, పగిలిన ఎడమ వేళ్ళతో లాగాడు. బాణం రెండడుగులు రవ్వంత అల్లాడి, సర్దుకుని, గీత గీసినట్టు వెళ్ళి పుట్ట నడిమిలో దిగింది. తోక ఎటూ తిరగలేదు.

సోమీ పుట్ట దాకా నడిచి వెళ్ళి ఆ తోకను చూసి వచ్చింది. ఇన్నేళ్ళు వేటగాడి ఇంట్లో ఉన్న మనిషికి దాన్ని ఎలా చదవాలో తెలుసు.

"వెళ్ళిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది," అంది. "రేపు ఊళ్ళోవాళ్ళని పిలిచి ఇక్కడే మంట పెట్టి ఆయనకిచ్చేస్తాం."

"ఇచ్చేముందు నారి దించండి, చెల్లీ. తొమ్మిదేళ్ళు దించలేదు."

"దించి ఇస్తాం."

ఆమె ఆకు దొన్నెలో అన్నం పెట్టింది, వద్దంటున్నా ఎండు ఇప్పపూలు మూట కట్టింది. అతను గుట్టలు దాటి వస్తుంటే భుజం తేలిగ్గా, వెలితిగా ఉంది. ప్రతి పొద దగ్గరా చెయ్యి దానంతట అదే భుజం మీది విల్లును సర్దబోయి ఏమీ తగలక ఆగేది.

ఇంటికి వచ్చేసరికి పాన్‌మునీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అతని చేతుల వంక చూడలేదు.

"బాణం సూటిగా పోయిందా?"

"పోయింది. వాళ్ళ బాణమే."

ఆమె లేచి చెంబు తెచ్చింది. అతను వెనక్కి తగ్గబోయాడు.

"విల్లు లేదుగా," అన్నాడు.

"తెలుసు. నడిచొచ్చిన కాళ్ళు కడుగుతున్నా. వేట నుంచి వచ్చినందుకు కాదు." నీళ్ళు పోస్తూ అంది, "ఆశపడకు."

కడిగాక ఆమె గూట్లోంచి ఇనుప గాజు తీసింది. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి, లోపలి అంచున పుట్టిన తుప్పును గోటితో గీకి, ఇప్పనూనె చుక్క వేసి, చీర చెంగుతో చుట్టూ రుద్దింది. ఏటా ఇలాగే చేస్తుందని, తుప్పు పట్టనివ్వకుండా తొమ్మిదేళ్ళుగా దాన్ని తన కొలతకు నిలబెట్టుకుంటూ వచ్చిందని అతనికి ఆ రోజే తెలిసింది. రుద్దడం అయ్యాక మణికట్టు దాకా ఎక్కించి, ఇంకా పడుతుందో లేదో చూసుకుని, తీసి మళ్ళీ గూట్లో పెట్టింది.

"రేపు ఆ రాతగాడి దగ్గరికి వెళ్ళు," అంది. "ముట్టిందని వేలుముద్ర వేశావు గనక ముట్టలేదని మళ్ళీ రాయించాలి. ఈసారి వంకర కర్ర అని రాయనివ్వకు. ఎర్రదారం ఉన్న విల్లు అని రాయించు."

"నలభై ఒకటీ పంచేశారు. మనది ఎవడింట ఉందో."

"ఎవరింట్లోనో ఉంటుంది. వాడూ లాగి చూసి, ఇది నాది కాదనుకుని, ఎర్రదారం చూసి ఆగిపోయి ఉంటాడు." ఆమె దీపం వత్తి సర్దింది. "నువ్వు ఆగలేదూ?"

జిత్రాయ్ గొట్టం మూతిగుడ్డ విప్పి పన్నెండో అర్జీకి చోటు చూశాడు. తెల్లవారుజామున ఆమె ధాన్యం దంచుతుంటే మేలుకుని పడుకున్నాడు. రోకలి లేస్తోంది, దిగుతోంది. రెండు దెబ్బల మధ్య ఆ చిన్న చప్పుడు ఉండవలసిన చోటు ఖాళీగా, ఎప్పటిలాగే సరిగ్గా అక్కడే ఉంది.